బెంచీ పీకేసి తెచ్చిన శాంతి

మా సంఘంలో ఈ ఏడాది ఇద్దరు పిల్లలు పరీక్ష రాసి రెవెన్యూ శాఖలో చేరారు. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళ కోసం ప్రత్యేక ప్రార్థన చేశాం, కేకు కోశాం. "ఆంటీ, అన్నేళ్ళు ఆ ఉద్యోగమే చేసినారు గదా, మాకేమైనా చెప్పండి" అని అడిగారు. నోట్లో కేకు పెట్టుకుని చెప్పే సంగతులు కావవి. అందుకే రాస్తున్నాను. ఇద్దరికీ తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తమిళంలో రాయమన్నారు. ఉద్యోగమంతా ఫైళ్ళలో మర్యాదగా తమిళమే రాశాను. మర్యాద పక్కన పెట్టి రాయాలంటే నాకు మా అమ్మ భాషే కావాలి. వాళ్ళ అమ్మలు చదివి వినిపిస్తారు.

నేను పాండూరులో పుట్టాను. మా నాన్న సంఘపెద్ద. అక్షరాల కన్నా ముందు వాక్యం నేర్పించారు. తహసీల్దారుగా దిగిపోయాను. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో మీకు అక్కర్లేదు. నా పనిలో పెద్ద భాగం కులం పేరుతో కొట్లాటలు రాకుండా చూడటం, వస్తే సర్దడం. ఏ ఆఫీసులో, ఏ ఊళ్ళో అన్నది రాయను. తిరుత్తణి చుట్టుపక్కల సరిహద్దు ఊళ్ళలో ఏ పేరు పెట్టుకున్నా సరిపోతుంది.

సమానత్వానికి సాంబారు

కుల ద్వేషానికి ప్రభుత్వం దగ్గర ఉన్న మొదటి మందు భోజనం. జాతీయ పండుగ రోజున గుళ్ళో ఊరివాళ్ళూ, ఊరి బయట దళితుల కాలనీవాళ్ళూ ఒకే వరసలో కూర్చుని తినాలి. ఆలోచన చెడ్డది కాదు. మా ప్రభువు కూడా ఎవరూ పక్కన కూర్చోనివాళ్ళతో కూర్చుని తిని చెడ్డపేరు తెచ్చుకున్నాడు. తేడా ఏమిటంటే ఆయన ఆ ఫోటో కలెక్టరు వాట్సాప్ గ్రూపులో పెట్టలేదు.

నేను ఏర్పాటు చేసిన మొదటి భోజనానికి కాలనీ మొత్తం వచ్చింది. తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. ఊళ్ళోంచి ఒక్కరూ రాలేదు. సగం మందికి షుగరు. ఒకాయనకు ఉపవాసం. మూడో ఇంట్లో వియ్యంకులు దిగారు. ఆ ఊళ్ళో అంతమందికి ఒకే రోజు షుగరు వచ్చిందని తెలిసి ఉంటే ఆరోగ్యశాఖ వెంటనే క్యాంపు పెట్టేది.

వరస నిండకపోతే ఫోటో బాగుండదు. అప్పటి మా అధికారి డ్రైవర్లనూ, ఆఫీసు అసిస్టెంట్లనూ, గ్రామ సహాయకులనూ ఆకుల ముందు కూర్చోబెట్టాడు. వాళ్ళలో సగానికి పైగా వేరే ఊళ్ళ కాలనీలవాళ్ళే. అంటే ఈ ఊరి కాలనీవాళ్ళు, ఆ ఊళ్ళ కాలనీవాళ్ళు ఏ తేడా లేకుండా పక్కపక్కన కూర్చుని తిన్నారు. సమానత్వం సంపూర్ణం. పేపర్లో ఫోటో పడింది. సాంబారు మాత్రం నిజంగా బాగుంది.

పిల్లలూ, భోజనం పెట్టమంటే పెట్టండి. ఆకలి తీరడం ఎప్పుడూ మంచిదే. దాన్ని సమానత్వం అని మాత్రం రిపోర్టులో రాయకండి. వంట బిల్లు అని రాయండి.

సమస్య అంటే ఏమిటి

ఉద్యోగంలో చేరగానే ఈ మాటలకు అర్థాలు నేర్చుకోవాలి. కాలనీ మనిషిని ఎవరైనా కొడితే అది సంఘటన. ఆ మనిషి పోలీసు స్టేషనుకు వెళితే అది సమస్య. విలేకరి వస్తే పెద్ద సమస్య. ఆ మనిషి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే శాంతి. శాంతి లేని చోట శాంతి అని చెప్పేవాళ్ళను పాతకాలం ప్రవక్తలు గట్టిగానే తిట్టారు. ఆ ప్రవక్తలు మా శాఖలో పనిచేసి ఉంటే నెలకొక బదిలీ అయ్యేది.

చెడ్డ అధికారి కింద పనిచేయడం తేలిక. ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో తెలుస్తుంది. మంచివాడితోనే కష్టం. నేను చెప్పబోయే కేసులో మా డివిజన్ అధికారి చాలా మంచివాడు. లంచం ముట్టడు, గొంతు ఎత్తడు. పొద్దున్నే దేవుడికి దీపం పెట్టి ఆఫీసుకు వచ్చేవాడు. ఆయనకు కావలసింది ఒక్కటే, నిశ్శబ్దం. దాని కోసం ఎవరి నోరైనా మూయించగలడు, ఎంతో ప్రేమగా. ఆయన్ను పెద్దసారు అంటాను.

మా సంఘంవాళ్ళు ఇది చదివి సంబరపడనక్కర్లేదు. మనలో ఇలాంటివి లేవని నేను సాక్ష్యం చెప్పను. ప్రభువు రాత్రి భోజనంలో ఒకే గిన్నె ముట్టుకునే మనకు, పెళ్ళిసంబంధం మాట రాగానే తాతల వీధి గుర్తొస్తుంది.

బెంచీ

మునెమ్మ కాలనీ మనిషి, యాభై దాటింది, భర్త లేడు. ఒక కంపెనీ క్యాంటీనులో గిన్నెలు కడిగే పని. కంపెనీ వ్యాను ఊరి మొదట్లో బస్ షెల్టరు దగ్గర ఎక్కించుకునేది. షెల్టరు ప్రభుత్వానిది. అందులో నేలకు బోల్టులు బిగించిన స్టీలు బెంచీ ఒకటి. కాలనీవాళ్ళు షెల్టరు బయట ఎండలో నిలబడాలి, బెంచీ ఊరివాళ్ళది. అలా అని ఎక్కడా రాసిలేదు. రాసి ఉంటే మేము చెరిపేసి ఫోటో తీసుకునేవాళ్ళం.

ఒకరోజు మోకాళ్ళ నొప్పితో మునెమ్మ ఆ బెంచీ మీద కూర్చుంది. షెల్టరు పక్కిల్లు ఊరిపెద్ద కేశవులుది. ఆయన అన్నకొడుకు వచ్చి లేవమన్నాడు. వ్యాను రాగానే లేస్తానంది. చెయ్యి పట్టి లాగి, కులం పేరెత్తి తిట్టి, కిందికి తోశాడు. మణికట్టు విరిగింది. మునెమ్మ కట్టు కట్టించుకుని, ఆ కట్టుతోనే స్టేషనుకు వెళ్ళింది. మా వైపు అందరూ పీసీఆర్ కేసు అంటారే, షెడ్యూల్డు కులాలవాళ్ళ మీద జరిగే దాడులకు పెట్టే కేసు, అది నమోదయింది. కుర్రవాడు జైలుకెళ్ళాడు.

సంఘటన సమస్యగా మారింది కాబట్టి పెద్దసారు శాంతి సమావేశం పిలిచాడు. ఈ కేసుల్లో రాజీకి చట్టంలో చోటు లేదు. అందుకని దాన్ని రాజీ అనరు, సామరస్యం అంటారు.

"అమ్మా, ఊరూ కాలనీ ఒక కుటుంబం మాదిరి. కుటుంబంలో గొడవలు రావా?" అన్నాడు పెద్దసారు మునెమ్మతో, చాలా మెత్తగా.

"కుటుంబమైతే మంచిదే సార్" అంది మునెమ్మ. "ఏ ఇంట్లోకి పొయ్యి కాఫీ అడగమంటారు?"

కేశవులు అందుకున్నాడు. "ఏమ్మే మునెమ్మా, పిల్లోడు తెలీక చేసినాడు. కేసు ఎత్తేసుకో. ఇంగ మీదట నేను చూసుకుంటాను."

"పిల్లోడా అన్నా? వానికే ఇద్దురు పిల్లోళ్ళు ఉండారు."

నవ్వు వచ్చినవాళ్ళందరం ఫైళ్ళలోకి చూశాం. మునెమ్మ కేసు ఎత్తేసుకోనంది. పెద్దసారు కాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, అసలు ఈ గొడవకు మూలం ఏమిటని అడిగాడు. కులం అని చెప్పే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు. ఆయనే చెప్పాడు. బెంచీ. అది ఉండబట్టే కదా ఒకరు కూర్చోవడం, ఇంకొకరు లేపడం. బెంచీ తీసేస్తే అందరూ నిలబడతారు, అందరూ సమానం.

రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. కేశవులు వెంటనే ఒప్పుకున్నాడు. కాలనీ పెద్ద ఒకాయన కూడా సరేనన్నాడు. "మేము ఎట్లాగూ నిలబడే ఉండాము సార్. వాళ్ళు నిలబడితే చూడాలని ఉండాది" అన్నాడు.

పంచాయతీ నుంచి మనిషి వచ్చి గ్యాస్ కట్టరుతో బెంచీ కోసేశాడు. చోద్యం చూడటానికి రెండు వైపుల జనమూ వచ్చారు. ఆ ఊళ్ళో నేను చూసిన మొదటి సహపంక్తి అదే. తర్వాతి వారం నుంచి ఊరివాళ్ళు ఇళ్ళలోంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకుని షెల్టరులో వేసుకున్నారు. సొంత కుర్చీలు. వాటి మీద ఎవరు కూర్చోవాలో చెప్పే అధికారం ప్రభుత్వానికి లేదు. కాలనీవాళ్ళు మునుపటిలాగే ఎండలో. శాంతి నెలకొన్నదని పెద్దసారు పైకి రాశాడు.

భక్తికి సాక్షులు

కేసు మాత్రం అలాగే ఉంది. అప్పుడు ఊరివాళ్ళకు ఎవరో తెలివైన వకీలు దొరికాడు. ఊరి తరఫున పెద్దసారుకు ఒక అర్జీ వచ్చింది. మునెమ్మ క్రైస్తవురాలు, కనుక ఈ కేసు చెల్లదు, ఆమె కులధ్రువీకరణ పత్రం రద్దు చేయండి అని.

ఇది కొత్తగా చేరినవాళ్ళు బాగా తెలుసుకోవలసిన సంగతి. షెడ్యూల్డు కులంలో పుట్టిన మనిషి క్రైస్తవ మతం తీసుకుంటే ఆ జాబితాలోంచి పోతాడు. ఆ చట్టం రక్షణా పోతుంది. బాప్తిస్మపు నీళ్ళలో కులం కరిగిపోతుందని మన ప్రభుత్వానికి గట్టి నమ్మకం. అంత నమ్మకం మా సంఘంలో కూడా నేను చూడలేదు. తోసేవాడికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నీళ్ళలోంచి లేచిన మనిషిని కూడా వాడు పాత చోటే నిలబడమంటాడు.

"నువ్వే వెళ్ళి విచారించమ్మా" అన్నాడు పెద్దసారు నాతో. "నీకైతే వాళ్ళ ఆచారాలు తెలుస్తాయి." ఒక భక్తురాలి భక్తిని కనిపెట్టడానికి ఇంకొక భక్తురాలిని పంపడం. దొంగను పట్టడానికి దొంగను పంపినట్టు అని ఆయన ఉద్దేశం కాదు, పాపం. అలా అయితే పని తొందరగా అవుతుందని అంతే.

కేశవులు అరుగు మీద కుర్చీ వేయించాడు. సాక్షులు వరసగా వచ్చారు. మా సంఘంలో బాప్తిస్మానికి ముందు అభ్యర్థి గురించి సాక్ష్యం చెప్పమంటే నలుగురు నసుగుతారు. ఇక్కడ ఎవరూ నసగలేదు.

"మునెమ్మ మాదిరి భక్తురాలు ఈ చుట్టుపక్కల లేదు మేడం" అన్నాడు కేశవులు. "ఆదివారమొస్తే తెల్లచీర. చంకలో గ్రంథం. వానొచ్చినా ఆగదు. ఉపవాసం గూడా ఉంటాది."

"ఆమె ఇంట్లోకి ఎప్పుడైనా వెళ్ళారా?"

"మేమెందుకు పోతాము మేడం ఆడికి?"

"మరి ఎలా తెలుసు?"

"ప్రార్థన చేస్తే మా ఇంటిదాకా ఇనిపిస్తాది. కన్నీళ్ళతో చేస్తాది మేడం, అబద్ధం చెప్పకూడదు."

"ఏమని చేస్తుంది?"

కేశవులు ఆగాడు. పక్కనున్న ముసలాయన ఆలోచించకుండా అనేశాడు. "మా ఊరోళ్ళకు మంచి బుద్ధి ఇమ్మని."

తర్వాత కేశవులు గొంతు తగ్గించి, "మీరు గూడా ఆ దేవుణ్ణే గదా మొక్కేది. ఆమె మీ మనిషని రాస్తే మీకు పుణ్యమే గదా మేడం" అన్నాడు.

నా పుణ్యం సంగతి చూసుకునేవాడు వేరే ఉన్నాడని చెప్పి లేచాను.

గోడ మీద దేవుళ్ళు

మునెమ్మ ఇల్లు ఒక్కటే గది. నాతో వచ్చిన రెవెన్యూ ఇన్స్పెక్టరు లోపలికి వెళ్ళగానే సెల్‌ఫోన్ తీసి గోడలన్నీ ఫోటో తీయడం మొదలుపెట్టాడు. సిలువ దొరికితే మధ్యాహ్నానికి ఆఫీసు చేరుకోవచ్చని అతని తొందర. గోడ మీద తిరుత్తణి మురుగన్ క్యాలెండరు ఉంది, వేళాంకణ్ణి మాత పటం ఉంది, నీలం కోటు ఆయన పటం ఉంది.

"నాయనా, ఏ దేవుణ్ణి ఎతకతా ఉండావు? చెప్తే తీసిస్తాను" అంది మునెమ్మ. ఆ తర్వాత మాకు కాఫీ పెట్టింది. విరిగిన చెయ్యి ఇంకా సరిగ్గా వంగడం లేదు. గ్లాసు ఎడమ చేత్తో ఇచ్చి, "తప్పుగా అనుకోవద్దండి" అంది.

"ఆదివారం ప్రార్థనకు పోతావా?" అని అడిగాను.

"పోతానమ్మా. దాచేదేముంది?"

నేను అడగవలసిన అసలు ప్రశ్న ఒక్కటే. ఈమె అవునంటే నేను అవుననే రాయాలి. రాస్తే కుర్రవాడు బయటికి వస్తాడు, మళ్ళీ షెల్టరులో నిలబడి మీసం తిప్పుతాడు. అబద్ధం రాయడానికి నన్ను పెంచిన ఇల్లు ఒప్పుకోదు.

"బాప్తిస్మం తీసుకున్నావా మునెమ్మా?"

"ఇంగా లేదమ్మా. మా ప్రార్థనింటి అయ్యగారు అడగతానే ఉండాడు, నాకూ ఆశే. అయితే మా ఆయన జబ్బులో ఉన్నప్పుడు ఆడికృత్తిక పండక్కి కావడి ఎత్తుతానని మురుగన్‌కు మొక్కుకున్నాను. ఆయన బతకలేదు, అయినా మొక్కు మొక్కే గదా. అది తీర్చకుండా ఇంకో దేవుని ఇంటికి యాడ పొయ్యేది? మర్యాదగా ఉండదు."

ఒక ఆత్మ ఇంకా నీళ్ళలో దిగలేదని విని నేను లోలోపల స్తోత్రం చెప్పుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే. మా నాన్న బతికి ఉంటే నన్ను సంఘంలోంచి వెలివేసేవారు.

వాళ్ళ అయ్యగారిని కూడా అడిగాను. ఆయన కూడా తీసుకోలేదనే చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు రాశాను. ప్రార్థనకు వెళ్తుంది, మతం మారలేదు, కులధ్రువీకరణ చెల్లుతుంది. పెద్దసారు రెండుసార్లు చదివాడు.

"ఇంకొంచెం లోతుగా విచారించి ఉండాల్సిందమ్మా."

"ఇంకేమి విచారించాలి సార్?"

"ఆమె మనసులో ఏముందో."

"మనసు మన డివిజన్ కిందికి రాదు సార్."

ఆయన నొచ్చుకున్నాడు. కానీ సంతకం పెట్టి పంపించాడు. చెప్పాను కదా, మంచివాడు.

మీకు కూడా ఎప్పుడో ఒకరోజు ఇలాంటి విచారణ వస్తుంది. దెబ్బ కొట్టినవాడి గురించి అడిగే ప్రశ్నల కన్నా దెబ్బ తిన్నవాడి గురించి అడిగే ప్రశ్నలు ఎక్కువైతే, మిమ్మల్ని ఎవరి పనికి పంపారో ఆలోచించుకోండి.

నమ్మకం

కేసు తిరువళ్ళూరు కోర్టులో విచారణకు వచ్చేసరికి నేను రిటైరయ్యాను. కులధ్రువీకరణ గురించి సాక్ష్యం చెప్పడానికి పిలిచారు. ప్రభుత్వ వకీలు వరండాలో మునెమ్మకు పాఠం చెబుతున్నాడు. "యేసును నమ్ముతావా అని అడుగుతారు. లేదని చెప్పు, చాలు." ఆమె తలూపింది. మునెమ్మ అప్పటికే కావడి మొక్కు తీర్చేసింది. బాప్తిస్మం మాత్రం కేసు ముగిసేదాకా వద్దని ఈ వకీలే ఆపాడు.

ఆమె బోను ఎక్కింది. చలిమంట దగ్గర నిలబడి ఆయనెవరో నాకు తెలియదన్న శిష్యుడి కథ వయసులో ఉన్నప్పుడు నేను ఆదివారం బడిలో ఎందరు పిల్లలకు చెప్పానో. అబద్ధమాడితే చివరికి ఎంత ఏడవాలో కూడా చెప్పాను. అలాంటి నేను ఆ రోజు కోర్టులో కూర్చుని, ప్రభువా ఈమె చేత అబద్ధం చెప్పించు అని ప్రార్థించాను.

ఊరివాళ్ళ వకీలు లేచాడు. "నువ్వు యేసును నమ్ముతావా లేదా? ఒక్క మాటలో చెప్పు."

"నమ్ముతాను సామీ."

ప్రభుత్వ వకీలు నుదురు పట్టుకున్నాడు. కేశవులు మొహం విచ్చుకుంది.

"మురుగన్ని గూడా నమ్ముతాను" అంది మునెమ్మ. "చెయ్యి ఇరిగినప్పుడు పోలీసోళ్ళను నమ్మినాను. ఈయమ్మను నమ్మినాను. ఇప్పుడు మిమ్మల్ని నమ్మి ఈడ నిలబడుండాను. ఇంతమందిని నమ్మేది తప్పా సామీ?"

జడ్జిగారు తలెత్తి ఆమెను చూశారు. ఆ మాట మొత్తం రికార్డులో రాయమన్నారు. మురుగన్‌తో సహా.

తీర్పులో ప్రార్థనకు పోవడం వేరు, మతం మారడం వేరు అని తేల్చారు. కుర్రవాడికి శిక్ష పడింది. ఊరివాళ్ళు అప్పీలుకు వెళతామన్నారు. కోర్టు గేటు బయట టీ తాగుతుంటే ప్రభుత్వ వకీలు మునెమ్మతో, "అప్పీలు తేలేదాకా బాప్తిస్మం జోలికి పోవద్దు" అన్నాడు.

"నేను ఉసురుతో ఉండంగా తేలతాదా సామీ అది?"

ఆయన ఇంకో టీ చెప్పాడు.

మునెమ్మ నా వైపు తిరిగి, "వచ్చే ఆదివారం తీసుకుంటానమ్మా. అయ్యగారికి మాటిచ్చేసినాను. నువ్వు రావాల" అంది.

లెక్క ప్రకారం చెయ్యి విరిగిన రోజున ఆమె ఎవరన్నదే కేసుకు ముఖ్యం, ఇప్పుడు నీళ్ళలో దిగితే ఆ తీర్పుకు నష్టం లేదు. అది చెప్పాను. చెప్పకూడనిది కూడా చెప్పాల్సి వచ్చింది. అన్నేళ్ళు తిన్న జీతం అలా చెప్పించింది.

"మునెమ్మా, తీసుకున్నాక నీ కులధ్రువీకరణ పోతుంది. రేపు మళ్ళీ ఎవడైనా నిన్ను తోస్తే ఈ చట్టం నీకు ఉండదు. బాగా ఆలోచించుకున్నావా?"

ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టి, వంకర తిరిగిన మణికట్టు మీదికి కొంగు లాక్కుంది.

"చట్టం ఉన్నప్పుడే గదమ్మా తోసినారు."

ఆదివారం నేను వెళ్ళాను. నీళ్ళలోంచి లేచాక ఆమె తల తుడిచింది నేనే.